మరలే వేళ



ఉక్కపోతలో పంకా కింద కూర్చుండి రేడియో పెట్టుకున్న మీకు మంచుకొండల ముచ్చట చెప్పబూనటం ఒక విధంగా సాహసమే. మనవైపు మంచు అంటే పుష్యమాసపు తెల్లవారుజామున వరిచేలమీద పరచుకునే పొగమంచు. కాదంటే, చెరకురసం బండివాడు గోనెపట్టాలో చుట్టి తెచ్చుకునే దిమ్మ. లంబసింగిలో గడ్డిపరకమీది నీటిబొట్టు గడ్డకట్టిందంటే మర్నాడు పత్రికలో దానికి బొమ్మ పడుతుంది. అట్టి దేశంలో పుట్టి, ఏటి ఈత తప్ప వేరొక వ్యాయామం ఎరుగని నేను, నడివయస్సు దాటిన పిమ్మట ఉద్యోగరీత్యా స్విట్జర్లండులో కొన్నేళ్ళు కాపురముండవలసి వచ్చి, అక్కడి మిత్రుల ప్రోద్బలంవల్ల కాళ్ళకు రెండు పొడుగాటి బద్దలు తగిలించుకొని, ఒక ఏప్రిల్ నెలలో ఆరు రోజులపాటు ఆల్ప్స్ పర్వతాల నడినెత్తిమీద నడిచాను.

ఆ ఆరు రోజుల కథ అంతా చెప్పను. అంత వ్యవధి లేదు. ఉన్నా, కొండలను మాటలతో చూపించే శక్తి నాకు లేదు. అందులోనుంచి ఒక్క సంగతి ఏరి మీ ముందు పెడతాను. దానికి నేను పెట్టుకున్న పేరు మరలే వేళ. అంటే, వెనక్కు తిరగవలసిన గడియ. ఆ గడియను ఎప్పుడు నిర్ణయించుకోవాలి? నిర్ణయించుకున్నాక దానికి ఎంత మర్యాద ఇవ్వాలి? ఇదే ఈనాటి మాట.

స్కీ అనగానే మన సినిమాపాటల్లోని మంచు గుర్తొస్తుంది. కథానాయిక పల్చటి చీర కట్టుకొని, చలికి వణకకుండా పాడుతూ ఉంటుంది. వెనకాల రంగురంగుల కోట్లవాళ్ళు ఎవరో కొండమీదినుంచి జర్రున జారిపోతూ ఉంటారు. ఆ జారేవాళ్ళను పైకి చేర్చింది తీగెలమీద నడిచే కుర్చీ. అక్కడ ఎక్కటం యంత్రం పని, జారటం మనిషి పని. నేను చెప్పే ప్రయాణంలో ఎక్కటమూ మనదే, జారటమూ మనదే. రోజుకు నాలుగైదు గంటలు ఎక్కితే, జారేది ఏ గంటసేపో.

జారే బద్దలతో కొండ ఎక్కటమేమిటని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. దాని కిటుకు మన పొలంగట్ల మీదే ఉంది. చిన్నతనంలో గరుకు నూగు ఉండే గడ్డికంకిని చొక్కా చేతిలో దూర్చుకొని చేయి ఊపేవాళ్ళం, జ్ఞాపకముందా? ఎంత ఊపినా అది కిందికి రాదు. ముంజేతినుంచి మోచేతికి, మోచేతినుంచి భుజానికి పాకిపోతుంది. దాని నూగంతా ఒకే వైపుకు వాలి ఉండటమే కారణం. స్కీ అడుగున అంటించే పట్టీ కూడా అటువంటిదే. ఒకవైపు జిగురు, రెండోవైపు వెనక్కు వాలిన నూగు. ముందుకు తోస్తే జారుతుంది. వెనక్కు జారబోతే పట్టుకుంటుంది. పూర్వం ఆ పట్టీని సీల్ అనే సముద్రజంతువు తోలుతో చేసేవారు. ఇప్పుడు అంగోరా మేక వెంట్రుకలతోనూ నైలానుతోనూ చేస్తున్నారు; అయినా ఫ్రెంచివారు నేటికీ దానిని సీల్ తోలనే పిలుస్తారు. ఎక్కేటప్పుడు బూటు మునివేళ్ళ దగ్గర మాత్రమే స్కీకి తగులుకొని ఉంటుంది. మడమ స్వేచ్ఛగా లేస్తుంది. పైకి చేరాక తోలు ఊడదీసి, మడిచి దాచుకొని, మడమ బిగించి, జారటమే. ఈ తోలు మాట కాస్త గుర్తుంచుకోండి. చివర దీనితో పని పడుతుంది.

మేము పోయిన దారికి ఓత్ రూత్ అని పేరు. ఎత్తు దారి అని అర్థం. ఫ్రాన్సులో మౌంట్ బ్లాంక్ పాదాన ఉన్న షమొనీ పట్టణంలో మొదలై, హిమానీనదాల మీదుగా, ఒక కనుమ తరువాత ఇంకొక కనుమ దాటుకుంటూ, స్విట్జర్లండులో మాటర్‌హార్న్ శిఖరం పాదాన ఉన్న జెర్మాట్ గ్రామంలో ముగుస్తుంది. 1861 ప్రాంతంలో లండన్ నగరపు ఆల్పైన్ క్లబ్బువారు వేసవిలో కాలినడకన ఈ దారి కనిపెట్టి ఇంగ్లీషులో దానికి పేరు పెట్టారు. ఫ్రెంచి పేరు దానికి అనువాదమే. 1903లో షమొనీ వైద్యుడు పయో తన అనుచరులతో స్కీలమీద ఈ మార్గాన్ని ప్రయత్నించాడు. 1911 జనవరిలో రోజే, కుర్జ్ అనే ఇద్దరు స్విస్ సాహసులు నడిశీతాకాలంలో స్కీలమీదనే జెర్మాట్ చేరుకున్నారు. చరిత్ర ఇంతటితో చాలు.

మేము ఐదుగురం. జెనీవాలో స్థిరపడిన మా గుంటూరు డాక్టరుగారు ఒకరు, ఆయన ఇరుగుపొరుగైన స్విస్ దంపతులు, ఇద్దరూ బడిపంతుళ్ళు, నేను, మాకు మార్గదర్శిగా స్విట్జర్లండులోని వలే ప్రాంతపు కొండమనిషి ఒకడు. ఆ మార్గదర్శికి అరవై ఏళ్ళు పైబడ్డాయి. తక్కువ మాట్లాడతాడు. కొండను చూసి తలపంకిస్తాడు, ఏదో బాకీ గుర్తొచ్చినట్లు. మా ఇంటావిడ కట్టి ఇచ్చిన సున్నుండలు డబ్బా నిండా నా సంచిలో ఉన్నాయి. మొదటిరోజునే అవి గులకరాళ్ళయినాయి. ఒకటి నోట్లో పెట్టుకోవాలంటే ముందు అరగంట చంకలో పెట్టుకోవాలి. పంతులమ్మ దాన్ని కొరకబోయి పన్ను పట్టుకొని కూర్చున్నది.

సున్నుండ ఎందుకు రాయి అయింది? అందులో నెయ్యి ఉంది కనుక. ఇక్కడే మన అసలు పాఠం మొదలవుతుంది.

ఏప్రిల్ నెలలో ఎత్తుకొండల మీది మంచు గిన్నెలోని నెయ్యి వంటిది. మార్గశిరమాసపు ఉదయాన నేతిగిన్నె మూత తీస్తే గరిటె దిగదు. అదే గిన్నె మధ్యాహ్నం కిటికీలో ఎండ తగిలే చోట పెడితే అంచులు కరిగి, నడుమ గడ్డ కదిలి, మూడుగంటలకల్లా అంతా వదులై పోతుంది. మంచు స్వభావమూ అదే. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే, పగటి వేడి అంతా పైకి ఎగిరిపోయి, మంచు గచ్చులాగా గట్టిపడుతుంది. ఆ గచ్చుమీద నడవటం క్షేమం. సూర్యుడు పైకి వచ్చినకొద్దీ మొదట పై అంగుళం మెత్తబడుతుంది. అప్పుడు జారటం పరమానందం. వెన్నమీద కత్తి నడిచినట్లుంటుంది. ఆ తరువాత ఇంకొక రెండు మూడు గంటలకు లోపలిదాకా నీరు దిగి, మంచు పట్టు విడుస్తుంది. ఇక అక్కడ మనకు పని లేదు.

రాత్రి మబ్బు పట్టిందనుకోండి. మబ్బు దుప్పటి వంటిది. వేడిని పైకి పోనియ్యదు. తెల్లవారినా మంచు గట్టిపడదు. అందుకే మా మార్గదర్శి రోజూ పడుకోబోయే ముందు కుటీరం తలుపు తీసి బయట నిలబడి నక్షత్రాలు చూసేవాడు. చుక్కలు దట్టంగా కనిపిస్తే లోపలికి వచ్చి, చేతులు రుద్దుకుంటూ, మూడున్నరకు లేవాలి అనేవాడు. చుక్కలు కనిపించకపోతే ఏమీ అనేవాడు కాదు.

ఇంకొక సంగతి ఉంది. ఇది నేతి గిన్నెతో తెలిసేది కాదు. మీ కొట్టుగదిలో నున్నటి గచ్చుమీద పిడికెడు ఆవాలు చల్లండి. వాటిమీద బియ్యపు బస్తా పెట్టండి. నేల సమంగా ఉన్నంతసేపు బస్తా కదలదు. నేలను కాస్త వాలుగా వంచితే ఏమవుతుంది? మంచు కూడా దొంతరలు దొంతరలుగా పడుతుంది. ఒక్కొక్కప్పుడు లోపలి దొంతర పేలవమై, పంచదార పలుకుల్లాగా, ఆవాల్లాగా, ఒకదానికొకటి అంటుకోకుండా ఉంటుంది. దానిమీద బరువైన దొంతర నిలిచి ఉంటుంది. ఒక మనిషి వెళ్ళి ఆ వాలుమీద కాలు మోపటమే తడవుగా, ఆ పై దొంతర మొత్తం పలకగా చీలి జారిపోతుంది. దానినే మంచుచరియ అంటాము. అటువంటివి చాలా భాగం ముప్ఫై డిగ్రీలు మించిన వాలులమీదనే పుడతాయి. మెట్లు లేని ముప్ఫై డిగ్రీల వాలు చూడటానికి భయంకరంగా ఏమీ ఉండదు; జారటానికి మనస్సు ఉవ్విళ్ళూరే వాలు సరిగా అదే. చిక్కంతా అక్కడే వచ్చింది.

స్విట్జర్లండులో దావోస్ అనే ఊళ్ళో ఈ మంచును పరిశీలించటానికే ఒక శాస్త్రసంస్థ ఉంది. వారు శీతాకాలమంతా రోజూ సాయంకాలం ఐదింటికి, ఏ కొండ వాలుమీద ఎంత ప్రమాదమో, ఒకటినుంచి ఐదువరకు అంకెలు వేసి ప్రకటిస్తారు. మన వాతావరణ కేంద్రంవారు రేవుల్లో ప్రమాదసూచిక ఎగరేసినట్లన్నమాట. అది కాక, మాలో ప్రతివారి రొమ్ముమీద ఒక చిన్న రేడియో యంత్రం కట్టి ఉండేది. రేడియో శ్రోతలకు ఇది ఇంపుగా ఉంటుందని చెబుతున్నాను. అది 457 కిలోహెర్ట్‌జుల మీద ఎడతెగకుండా టిక్కు టిక్కుమని ప్రసారం చేస్తూ ఉంటుంది. ఒకరు మంచులో కూరుకుపోతే, తక్కినవారు తమ యంత్రాలను వినే వైపుకు తిప్పి, ఆ టిక్కును వెదుక్కుంటూ పోయి, కడ్డీతో పొడిచి చూసి, పారతో తవ్వాలి. తొలి పది, పదిహేను నిమిషాలలో బయటికి తీస్తే చాలామంది బతుకుతారు. అరగంట దాటితే చాలామంది బతకరు. ఆకాశవాణిలో మాట్లాడే ఈ నిమిషంలో కూడా, ఆ ఆరు రోజులు నా గుండెలమీద మూగగా ప్రసంగించిన ఆ యంత్రం నాకు తలపుకు వస్తున్నది.

కాబట్టి, మంచుకు ఒక వేళ ఉంది. ఆ వేళ మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది ఒకటే: ఫలానా గంటకు ఫలానా చోట లేకపోతే వెనక్కు తిరుగుతాము అని ముందే అనుకోవటం. అదే మరలే వేళ.

దాన్ని ఎప్పుడు నిర్ణయించుకోవాలి? రాత్రి. కడుపు నిండి, కాళ్ళు వెచ్చబడి, గోడకు ఆనుకొని కూర్చున్నప్పుడు.

ఆ కొండకుటీరాల సంగతి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. రాతితోనూ కర్రతోనూ కట్టిన రెండంతస్తుల సత్రాలవి. సరుకంతా హెలికాప్టరులో వస్తుంది. వాకిట్లోనే బూట్లు విప్పి, అక్కడ రాశిగా పోసి ఉన్న చెప్పుల్లో పాదానికి సరిపోయేవి వెతుక్కోవాలి. నా పాదానికి సరిపోయినవి ఆరు రోజుల్లో ఒక్కసారే దొరికాయి. పై అంతస్తులో చాపలు పరచినట్లు వరుసగా పరుపులు. ఇరవైమంది పక్కపక్కనే పడుకోవాలి. పెళ్ళివారింట విడిదిలో పడుకున్న అలవాటు ఉంది కనుక నాకూ డాక్టరుగారికీ ఇబ్బంది అనిపించలేదు. స్విస్ పంతులు మాత్రం చెవుల్లో మైనం పెట్టుకున్నాడు. నీరు కూడా మంచు కరిగించి కాచిందే. సీసా లెక్కన కొనుక్కోవాలి. ఉదయం బయలుదేరేటప్పుడు మాత్రం తియ్యటి తేనీరు ఫ్లాస్కులో నింపి ఉచితంగా ఇస్తారు. అందులో పాలు ఉండవు. దానిని తేనీరు అనటానికి డాక్టరుగారు చివరివరకు ఒప్పుకోలేదు.

ప్రతి కుటీరంలోనూ ఒక లావాటి పుస్తకం ఉంటుంది. వచ్చినవారు అందులో తమ పేరు, ఎక్కడినుంచి వచ్చినది, రేపు ఎక్కడికి పోతున్నది రాయాలి. ఎవరైనా తప్పిపోతే వెదకటానికి ఆ పుస్తకమే ఆధారం. మా మార్గదర్శి రాత్రి భోజనం కాగానే ఆ పుస్తకం ముందు పెట్టుకొని మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టేవాడు. రేపటి దారి పటంలో వేలితో చూపించేవాడు. పిమ్మట ప్రతివారినీ వరుసగా అడిగేవాడు: ఇక్కడికి ఎన్ని గంటలకు చేరకపోతే వెనక్కు తిరగాలి? అందరూ ఒప్పుకున్న అంకెను పుస్తకంలో మా పేర్ల పక్కన పెన్సిలుతో రాసేవాడు. పుస్తకంలో దానికి గడి ఏమీ లేదు. అది అతని సొంత ఆచారం.

మొదట నాకది చాదస్తంగా తోచింది. రేపు వెళ్ళి చూసి, అప్పటి పరిస్థితినిబట్టి ఆలోచించుకోవచ్చు కదా? ఇంత బుద్ధిమంతులం ఐదుగురం ఉన్నాము కదా? కాని, గోదావరి ఒడ్డున పుట్టినవాణ్ణి కనుక తరువాత నాకే ఒక సంగతి జ్ఞాపకం వచ్చింది. అవతలి ఒడ్డున చుట్టాలింటికి పెళ్ళికి పోయేటప్పుడు మా నాయనమ్మ రేవులో పడవ ఎక్కుతూ ఎక్కుతూ సరంగును అడిగే మొదటి ప్రశ్న, ఆఖరి పడవ ఎన్నింటికి నాయనా అని. పెళ్ళి పందిట్లో కూర్చున్నాక ఆ ప్రశ్న ఎవరికీ తోచదు. అక్కడ సన్నాయి ఉంటుంది, వంకాయకూర ఉంటుంది, ఇంకొక్క అరగంట కూర్చోండి వదినగారూ అనే వియ్యపురాలు ఉంటుంది. పందిట్లో ఉన్న మనిషి ఆలోచన పందిటి ఆలోచనే. రేవులో ఉన్న మనిషి ఆలోచన వేరు. నాయనమ్మ రేవులోనే అంకె కనుక్కొని కొంగున ముడి వేసుకొనేది, నిజంగానే ముడి వేసేది. పందిట్లో ఎవరెంత బతిమాలినా ఆ ముడి తడుముకొని లేచేది.

కొండ శిఖరం కూడా పెళ్ళిపందిరి వంటిదే. దగ్గరికి పోయినకొద్దీ మన బుద్ధి మనది కాదు. ఇంత దూరం వచ్చాము, ఇంత డబ్బు పెట్టాము, ఆకాశం ఇంత నీలంగా ఉంది, ఇంకొక్క అరగంట! ఆ అరగంటను అడిగేది శిఖరమే, మన గొంతుతో. అందుచేత మరలే వేళను రాత్రే నిర్ణయించుకోవాలి. మళ్ళీ చెబుతాను, రాత్రే నిర్ణయించుకోవాలి.

ఇక ప్రయాణం. మొదటి మూడురోజులూ విశేషమేమీ లేదు. అంటే, నేను ఎన్నిసార్లు పడ్డానో చెప్పటం తప్ప విశేషం లేదు. 3,323 మీటర్ల ఎత్తున ఉన్న షార్డొనే కనుమ దాటేటప్పుడు తాడుకట్టి మమ్మల్ని కిందికి దించారు, నూతిలోకి బిందె దించినట్లు. త్రియాఁ కుటీరంలో తలనొప్పి. ఆ ఎత్తున గాలి మన సముద్రతీరంలో ఉండే ఒత్తిడికి మూడింట రెండువంతులకు కొద్దిగా మించి మాత్రమే ఉంటుంది. నాలుగోరోజున దీస్ అనే సరస్సు ఒడ్డున నడిచాము. ఆ సరస్సు స్వయంగా పుట్టింది కాదు. గ్రాండ్ దిక్సాన్స్ అనే ఆనకట్ట వెనక నిలిచిన నీరు. 1961లో పూర్తి అయిన ఆ ఆనకట్ట ఎత్తు 285 మీటర్లు. మన నాగార్జునసాగరం ఎత్తు సుమారు 125. సాగరంమీద సాగరాన్ని నిలబెట్టినా ఇంకా కొంత మిగులుతుందన్నమాట. దాని కాంక్రీటు మోసిన కూలీల మధ్య టెలిఫోను దగ్గర పనిచేసిన ఒక యువకుడు, వారి పనిమీదనే తన మొదటి చిన్న చిత్రం తీశాడు. అతడే తరువాత జగత్ప్రసిద్ధ దర్శకుడైన గొదార్. సినిమా పిచ్చిగల మన శ్రోతలకోసం ఈ మాట.

ఐదోరోజున పిన్ దరొల్లా అనే శిఖరం. 3,800 మీటర్లకు కొద్దిగా తక్కువ. మా దారిలో అదే అన్నిటికన్నా ఎత్తు. శిఖరంనుంచి విన్యెత్ కుటీరానికి దిగటం గంట పని కూడా కాదు. ఆ దిగుడులో మా మార్గదర్శి ఒక చోట ఆగి, టోపీ తీసి, కొంచెంసేపు నిలబడ్డాడు. 2018 ఏప్రిల్ చివర, ఈ దారినే వస్తున్న పద్నాలుగురు యాత్రికులు ఆ ప్రాంతంలో తుపానులో చిక్కుకొన్నారు. తెల్లటి మంచు, తెల్లటి మబ్బు. చేతిలోని కర్ర కొస కనిపించదు. రాత్రంతా బయలుమీదనే గడిపారు. వారిలో ఏడుగురు మరణించారు. వారు రాత్రి గడిపిన చోటికి కుటీరం కొద్ది వందల మీటర్ల దూరం. అంత దగ్గర ఉన్నా కుటీరం వారికి కనపడలేదు. ఎవరిది పొరపాటు అని నేను విచారించబోను. వేడి సూపు తాగి వచ్చి ఇక్కడ కూర్చుని మాట్లాడేవాడికి ఆ అధికారం లేదు. ఆ సాయంకాలం విన్యెత్ కుటీరంలో భోజనాల దగ్గర మాలో ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు.

భోజనం అయాక యథాప్రకారం పుస్తకం వచ్చింది. మర్నాడు ఆఖరిరోజు, అన్నిటికన్నా పొడుగైన రోజు. సుమారు ముప్ఫై కిలోమీటర్లు. మూడు కనుమలు దాటాలి. మొదటిది ఎవెక్ కనుమ. ఎవెక్ అంటే బిషప్పుగారు. రెండోది మాంట్ బ్రూలే కనుమ. మూడోది వాల్పెలీన్ కనుమ. రెండోదానికీ మూడోదానికీ నడుమ దారి కొంతసేపు ఇటలీలో ప్రవేశిస్తుంది. పాసుపోర్టు అడిగేవాడెవడూ ఉండడు. ఆ మూడో కనుమ శిరస్సున అడుగు పెట్టగానే, మాటర్‌హార్న్ ఒక్కసారిగా ఎదుట నిలుస్తుందట. ఆ ఒక్క క్షణం కోసమే ఆరురోజులు నడుస్తారని వాడుక. అక్కడినుంచి జెర్మాట్ దాకా హిమానీనదాలమీద జారుడు. ఆ హిమానీనదాల నిండా పగుళ్ళు. ఒక్కొక్కటి ఇల్లు పట్టేంత లోతు. వాటిమీద మంచు మీగడ కట్టి ఉంటుంది. మీగడ గట్టిగా ఉన్నప్పుడు వంతెన, మెత్తబడితే మీగడే.

మార్గదర్శి అడిగాడు. మేము చెప్పాము. తొమ్మిది గంటలకు మాంట్ బ్రూలే కనుమ శిరస్సున ఉండాలి. లేకపోతే ఉత్తరంగా హిమానీనదం వెంట అరొల్లా అనే పల్లెకు దిగిపోవాలి. పెన్సిలుతో తొమ్మిది అంకె వేశాడు.

తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరాము. నుదుట దీపాలు. ఆకాశం నిండా చుక్కలు. అడుగున మంచు కరకరలాడుతున్నది. అటువంటి ఉదయం ఇంకొకటి నా జన్మలో రాదు. బిషప్పుగారి కనుమ ఎక్కేసరికి శిఖరాల కొసలు కుంకుమ పెట్టుకున్నట్లు ఎర్రబడ్డాయి. అక్కడ తోలుపట్టీలు ఊడదీసి మడవాలి. గాలి వీస్తున్నది. ఆ వెలుగు చూస్తూ, పట్టీ ఒక కొస వదిలాను. అది ఎగిరి, జిగురు వైపు కిందకు పడి, పొడిమంచులో పొర్లింది. పట్టీని రొమ్ముకు ఆనించి మడిచి, వెంటనే కోటులోపల దాచుకోవాలని ఐదు రోజులుగా వినివిని చెవులు చిల్లులు పడ్డవాణ్ణి. దులిపి, సంచి పైజేబులో కుక్కాను. అవతలి వైపుకు జారి, హిమానీనదం అడుగుకు చేరి, మళ్ళీ ఎక్కటానికి పట్టీ తీస్తే, జిగురంతా మంచురవ్వలు. స్కీకి అంటుకోదు. నాలుగడుగులు వేసేసరికి ఊడి వెనకాల తోకలాగా ఈడుస్తున్నది.

డాక్టరుగారు ఒక్క మాట అనలేదు. ఆ మంచురవ్వలను స్కీ అంచుతో గీకి, తడి పట్టీని తన చొక్కాలోపల పొట్టకు ఆనించుకొని కూర్చున్నారు, కోడిపెట్ట గుడ్డు పొదిగినట్లు. మైనస్ పది డిగ్రీల చలిలో ఇంకొకరి తడి తోలును పొట్టకు కప్పుకోవటం ఎంత స్నేహమో మీరే ఊహించుకోండి. పావుగంట తరువాత అంటించి, చుట్టూ ప్లాస్టరు టేపు చుట్టి కట్టారు. దారిలో మళ్ళీ ఒకసారి ఊడింది. మళ్ళీ కట్టారు. మొత్తం నలభై నిమిషాలు పోయినాయి. ఆ నలభై నిమిషాలూ నావి.

తొమ్మిది గంటలు కొట్టేసరికి మేము మాంట్ బ్రూలే కనుమకు దిగువన, నిటారుగా లేచిన ఆఖరి వాలు మొదట్లో ఉన్నాము. శిరస్సు కనిపిస్తున్నది. మాకన్న ముందు పోయిన రెండు జట్లవారు చీమల బారులాగా పైకి పాకుతున్నారు. ఇంకొక ఇరవై ఐదు నిమిషాల దారి. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు.

మార్గదర్శి గడియారం చూశాడు. ఏమీ అనలేదు. కర్రలు మంచులో గుచ్చి, మా వైపు తిరిగి నిలబడ్డాడు.

పంతులు ఫ్రెంచిలో మొదలుపెట్టాడు: ఇరవై ఐదు నిమిషాలేగా, మంచు ఇంకా గట్టిగానే ఉంది. నిజమే, ఇక్కడి మంచు గట్టిగానే ఉంది. డాక్టరుగారు తెలుగులో నాతో అన్నారు: "ఏమంటారు మాస్టారూ? ఆ పైకి పోతే ఇంకొక రెండు గంటల్లో మాటర్‌హార్న్. మళ్ళీ ఈ జన్మలో వస్తామా?"

ఏమనాలి? ఆలస్యానికి కారకుణ్ణి నేనే కదా. పోదామని నేను అంటే నా తప్పు మాసిపోతుంది. వద్దని నేను అంటే, అందరి పండుగ చెడగొట్టినవాడు తానే ధర్మం చెబుతున్నట్లుంటుంది. అప్పుడు నా చెవిలో నిజంగానే సన్నాయి వినపడ్డది. అదే పందిరి.

"డాక్టరుగారూ, రాత్రి మీరేమన్నారు?" అని అడిగాను.

ఆయన మాట్లాడలేదు. "తొమ్మిది అన్నాను," అన్నారు కాసేపటికి. పంతులమ్మ అప్పటికే వంగి స్కీల పట్టీలు ఊడదీస్తున్నది.

మార్గదర్శి దారిలో నాకు చెప్పాడు. ఈ వాలును చూసి వేసిన అంకె కాదట అది. ఆలస్యం ఇక్కడ ఇరవై ఐదు నిమిషాలైతే, మూడో కనుమకు అది గంట అవుతుంది; ఎండ ముదిరాక, అలసిన కాళ్ళతో, ఆ పగుళ్ళ మీగడమీదికి అదే గంట మనకన్న ముందు చేరి కూర్చుంటుంది. అందుకని అక్కడి గంటను ఇక్కడ వేయటమట.

మీరు ఒక మాట అడుగుతారు. ముందుకు పోయిన ఆ రెండు జట్లు ఏమైనాయి? క్షేమంగా జెర్మాట్ చేరాయి. సాయంకాలం మేమూ చుట్టుదారిన అక్కడికి చేరినప్పుడు వీధిలో వారిని చూశాను. మొహాలు కందిపోయి, వెలిగిపోతున్నాయి. మాకన్న ముందున్నారు, నలభై నిమిషాలు పోగొట్టుకోలేదు. వారి అంకె వారిది. మేము పోయి ఉన్నా బహుశః చేరేవాళ్ళమే. మేము వెనక్కు తిరిగినందువల్ల ప్రాణాలు దక్కాయని నేను మీకు చెప్పబోవటం లేదు. అట్లా చెబితే కథ రక్తి కడుతుంది గాని, అది నిజం కాదు. నా మూలాన నలుగురు మిత్రులు ఆ కనుమమీది దృశ్యం పోగొట్టుకొన్నారన్నది మాత్రం నిజం. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. గొడుగు పట్టుకుపోయిన రోజున వాన రాకపోవటం ఒక లోటా అని డాక్టరుగారు నన్ను ఓదార్చేవారు. ఆయన ఎప్పుడూ గొడుగు పట్టుకుపోరు, అది వేరు సంగతి.

అరొల్లాకు దిగిన దారి హాయిగా ఉంది. మంచు సరిగా ఒక అంగుళం మెత్తబడి ఉంది. వెన్నమీద కత్తి అన్నానే, అది. ఆరు రోజుల్లో నేను పడకుండా దిగింది ఆ ఒక్కరోజే. చూసేవారు ఎవరూ లేరు. పల్లె చేరి, సియోన్ పట్టణానికి పోయే దారిలో బస్సు కోసం ఒక చెక్కబల్లమీద కూర్చున్నాము. పక్కన చూరునుంచి నీరు బొట్లు బొట్లుగా పడుతున్నది. ఎండ చురుక్కుమంటున్నది. ఎవరూ మాట్లాడటం లేదు.

సంచి సర్దుకుంటుంటే సున్నుండల డబ్బా తగిలింది. మూత తీశాను. ఐదే మిగిలాయి, కాగితంలో చుట్టి. కాగితానికి నెయ్యి ఊరి, అద్దంలాగా అయింది. సున్నుండలు వేలు తగిలితే విరిగేటంత మెత్తబడ్డాయి. పంతులమ్మ భయపడుతూ కొరికి, ఇన్నాళ్ళూ ఇదేనా మీరు తిన్నది అన్నది. మార్గదర్శి తన వంతు చేతిలో పట్టుకొని, వేలికంటిన నేతిని చూసి, తల ఎత్తి కొండ వైపు చూసి, గడియారం చూశాడు. పన్నెండున్నర. నాకు చూపించాడు. ఆ తరువాత సున్నుండ నోట్లో వేసుకొని, ఇంకొకటి ఉందా అని అడిగాడు.

లేదు. పసుపుపచ్చటి తపాలా బస్సు మలుపు తిరిగి వచ్చింది.